డాక్టర్ థర్‌స్టన్ ఖండించిన పుస్తకం

డాక్టర్ థర్‌స్టన్ గారు ఆ పుస్తకాన్ని ఖండించారు గాని చదవలేదు. చదవవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో ఆయన గుర్రాన్ని అదిలిస్తారు, వంటవాణ్ణి తిడతారు. అంతకు మించి ఆ భాషతో ఆయనకు పని పడి చాలా కాలమైంది.

డాక్టరంటే ఒళ్ళు వెచ్చబడితే నాడి పట్టుకునే డాక్టరు కాదు. దైవశాస్త్రంలో డాక్టరు. పద్నాలుగేళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో బల్లలు అరగదీసి ఆ పట్టం తెచ్చుకున్నారు. ఆల్డర్‌బీ ఊరికి తిరిగొచ్చిన ఈ ఆరేళ్ళుగా పాత నిబంధనలోని ఒకే ఒక్క వాక్యానికి లాటిన్‌లో వ్యాఖ్యానం రాస్తున్నారు. ఆ వాక్యంలో ఉన్నవి తొమ్మిది మాటలు. డాక్టరు గారు నాలుగో మాట దాకా వచ్చారు. ఈలోగా నూట నలభై గొర్రెలు చచ్చాయి. ఎన్ని చచ్చాయో పెర్నెల్‌కు బాగా తెలుసు. వాటి తోళ్ళను సున్నపు తొట్టెలో నానబెట్టి, చట్రానికి బిగించి, వంపు కత్తితో గీకి, రాతకు పనికొచ్చే పత్రాలుగా చేసి ఇచ్చింది ఆమే మరి. తోలు కొనడానికి ఎప్పుడూ డాక్టరు గారి క్లర్కు హామో వచ్చేవాడు, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని. డాక్టరు గారు ఒక్కసారీ రాలేదు. పెద్ద చదువు చదివినాయన, తీరిక ఉండొద్దూ అని పెర్నెల్ ఆరేళ్ళూ తనకు తనే సర్దిచెప్పుకుంది.

సర్దిచెప్పుకోవడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట పెద్ద తెగులు వచ్చి పిల్లల్ని ఏరి ఏరి పట్టుకుపోయిన వేసవిలో, సెయింట్ ఒసిత్ చర్చి పెద్ద ఫాదరు వెండి గిన్నెలు మూటగట్టుకుని పల్లెలో ఉన్న చుట్టాలింటికి ఉడాయించాడు. మిగిలింది ఆయన కింద పనిచేసే ఓ బక్కపలచని కుర్ర ఫాదరు. పూజలో చదవాల్సిన నాలుగు ముక్కలు తప్ప లాటిన్ రాదు. పగలంతా ఇల్లిల్లూ తిరిగేవాడు. సాయంత్రం ఊరి బయట శవాల గుంట ఒడ్డున నిలబడి, అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పేవాడు. పెర్నెల్ ఇంటి అటక మీద తోళ్ళ మధ్య పడుకునేవాడు. ఆమె పోసిన బటానీ జావ తాగి, గిన్నె కూడా తనే కడిగేవాడు. ఆ కుర్ర ఫాదరు పేరు థర్‌స్టన్.

పెర్నెల్‌కు దుకాణం కోసం నేర్చుకున్న రాత వచ్చు. భర్త గిల్బర్ట్ ప్రోత్సాహంతో, అంచులు చెడిపోయి అమ్ముడుపోని తోలు ముక్కల మీద, ఆ ఫాదరు చెప్పిన మాటలు ఏ రోజువి ఆ రోజు రాసుకుంది. నలభై పుటలయ్యాయి. కుట్టి పుస్తకం చేసుకుంది. ముప్పై ఒకటో పుట తన కూతురు సిబ్బీని గుంటలో దించిన సాయంత్రానిది. ఆరేళ్ళ పిల్ల. ఆ గుంట మీద రాయి పాతలేదు, శిలువ పెట్టలేదు, చచ్చినవాళ్ళ పేర్లు రాసే చర్చి పుస్తకాన్ని పెద్ద ఫాదరు తనతోపాటే పట్టుకుపోయాడు. సిబ్బీ అనే పిల్ల ఒకతె ఈ భూమ్మీద తిరిగిందని రాసి ఉన్న చోటు లోకం మొత్తంలో ఆ ఒక్క పుటే. మిగతా ముప్పై తొమ్మిదీ పెర్నెల్‌కు కంఠతా వచ్చు. అదొక్కటి మాత్రం రాదు. చదవబోయిన ప్రతిసారీ మూడో వాక్యం దగ్గర అక్షరాలు అలికినట్టయిపోయేవి.

ఇన్నేళ్ళూ ఆ పుస్తకం వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. తోళ్ళు గీకే ఆడవాళ్ళకు పని సాగుతుండగా అందులోంచి పెర్నెల్ పైకి చదివేది, అంతే. రెండేళ్ళ కిందట కొత్త చట్టం వచ్చింది. బిషప్పు గారి అనుమతి లేకుండా దేవుడి సంగతులు ఇంగ్లీషులో రాసిన పుస్తకం ఇంట్లో ఉంచుకుంటే నేరం. లాటిన్‌లో ఏం రాసుకున్నా ఫరవాలేదు, ఎలాగూ ఎవరూ చదవరు. దొడ్డి గోడ పక్కగా పోతూ పుస్తకం చదువుతున్న గొంతు విన్న ఇప్పటి ఫాదరు పరుగున వెళ్ళి బిషప్పు గారికి మోసేశాడు. మూడు వారాల కిందట బిషప్పు గారి బంట్రోతు వచ్చి పుస్తకం పట్టుకుపోయాడు. విచారణ ఈస్టరు ముందు వచ్చే లెంట్ ఉపవాసాల నాలుగో శుక్రవారం అన్నాడు. విచారణలో దైవశాస్త్రం చూసే పెద్ద ఎవరయ్యా అని పెర్నెల్ అడిగింది. డాక్టర్ థర్‌స్టన్ గారన్నాడు వాడు. ఆ మాట విని ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఆమెను కతీడ్రల్ దాకా దిగబెట్టడానికి పక్కింటి అవీస్ వెంట వచ్చింది. అవీస్ మైనం కొవ్వొత్తులు చేసేవాడి పెళ్ళాం, పెర్నెల్ దొడ్డిలో తోళ్ళు గీకే ఆడవాళ్ళలో ఒకతె. వేరే ఊరి నుంచి కాపురానికొచ్చి పదేళ్ళయింది, తెగులు నాటి సంగతులు తెలియవు.

"వదినా, నా మాట విను," అంది అవీస్. "వాళ్ళేమడిగినా తల దించుకుని 'తప్పయింది అయ్యగారూ' అనెయ్. ఓ కట్టెలమోపు భుజాన పెట్టి మూడు ఆదివారాలు చెప్పుల్లేకుండా చర్చి చుట్టూ తిప్పుతారు. పోయేదేముంది? మా ఆయన రోజూ మోస్తాడు కట్టెలు. ఒక్క పాపం కరిగింది లేదు."

"మోస్తాలేవే. మొయ్యలేక కాదు. నా పుస్తకం నాక్కావాలి."

"పుస్తకం సంగతి మర్చిపో. ముందు నీ ఒంటికి నిప్పంటకుండా చూసుకో. ఎదురు మాట్లాడితే ఏం చేస్తారో తెలుసుగా?"

"నాకేం కాదులే. అక్కడ కూచునేది థర్‌స్టన్."

"అయితే? ఆ బొజ్జాయన నీకేమన్నా మేనత్త కొడుకా?"

పెర్నెల్ అటూ ఇటూ చూసింది. ఇరవై ఏళ్ళుగా ఎవరితోనూ అనని మాట. వీధి ఫాదరుగా మొదలైన సంగతి ఆయన పెద్దరికానికి మచ్చ అవుతుందేమోనని ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది. "ఆ పుస్తకంలో ఉన్నవన్నీ ఆయన మాటలేనే," అంది.

అవీస్ నడుస్తున్నదల్లా ఆగిపోయింది. "ఆ మాటలా? నువ్వు చదువుతుంటే మా చేత కత్తులు కింద పెట్టించి ఏడిపించిన మాటలా? ఆ బొజ్జలోంచి వచ్చాయా?"

"అప్పుడు బొజ్జ లేదు."

"మరి నీకు భయమెందుకు! పుస్తకం తెరిచాడంటే తన మాటలు తనకు తెలియవూ?"

"అదే నేననేదీ," అంది పెర్నెల్. ఆ ధీమాతోనే లోపలికి వెళ్ళింది.

కతీడ్రల్ పక్కనున్న రాతి గదిలో చలి ఎముకలు కొరుకుతోంది. మధ్య కుర్చీలో బిషప్పు గారి తరఫున విచారణ జరిపే ఫుల్క్ గారు. ఈయన చట్టం చదివిన మనిషి, దేవుడి జోలికి ఎక్కువగా పోడు. మాంసం ముట్టకూడని ఉపవాసాలు కావడంతో నాలుగు వారాలుగా ఉప్పు చేప తిని తిని ముఖం కూడా అలాగే అయింది. ఆ రోజు మధ్యాహ్నం మఠాధిపతి గారింట్లో ఏటి చేపతో భోజనమని కబురొచ్చింది, ఆయన ధ్యాసంతా దాని మీద ఉంది. కుడివైపు కుర్చీలో డాక్టర్ థర్‌స్టన్ గారు, మెడ చుట్టూ ఉడుత బొచ్చు అంచుతో. ఈ విచారణ సవ్యంగా జరిపిస్తే కతీడ్రల్‌లో ఖాళీగా ఉన్న పెద్ద పీఠం ఆయనకేనని బిషప్పు గారు మాటిచ్చారని ఊరంతా అనుకుంటోంది. కింద బల్ల దగ్గర హామో, ఎదురుగా తోలు పత్రాలు. అవి తన దొడ్డివేనని పెర్నెల్ దూరం నుంచే గుర్తుపట్టింది.

ఆమె డాక్టరు గారి కళ్ళలోకి చూసింది. ఆయన కూడా చూశారు. చూసి, ఆమె వెనకున్న గోడను కూడా అలాగే చూశారు. నలుగురిలో తెలిసినట్టు కనపడకూడదని కాబోలు, అనుకుంది పెర్నెల్.

అక్కడ పద్ధతి ఒకటుంది. అనుమానం వచ్చిన పుస్తకాన్ని మొత్తం చదవరు. పండితుడి క్లర్కు దాన్ని తిరగేసి, బటానీల్లో రాళ్ళేరినట్టు తప్పుడు వాక్యాలు ఏరుతాడు. ఏరినవాటిని లాటిన్‌లోకి మార్చి, వరస పెట్టి, ఒక పత్రం మీద ఎక్కిస్తాడు. వాటిని అంశాలంటారు. పండితుడు ఆ అంశాల్ని చదివి ఖండిస్తాడు. ఆ తర్వాత నేరస్తులకు తెలియడం కోసం క్లర్కు తన లాటిన్‌ను మళ్ళీ ఇంగ్లీషులోకి దించుతాడు. పుస్తకంలో మాట్లాడిన మనిషి మొదటి మార్పులోనే పోతాడు. రెండో మార్పులో వాడి బట్టలు కూడా మిగలవు. ఈ పని ఇలా చేయడం నేర్చుకోవడానికి పద్నాలుగేళ్ళు పడుతుంది.

హామో ఏడు అంశాలు ఏరాడు. మొదటిది చదివాడు. "అనభిషిక్తుడగు గృహస్థుని హస్తము అభిషిక్తుడగు గురువు హస్తముకంటె పవిత్రతరము." ఆ తర్వాత పెర్నెల్ వైపు తిరిగాడు. "మామూలు మనిషి చెయ్యి ఫాదర్ల చేతికంటే పవిత్రమని నువ్వు నమ్ముతున్నావట. అవునా?"

పెర్నెల్ తెల్లబోయింది. "అందులో అలా లేదండి."

"అలానే ఉంది."

"మరి రాల్ఫ్ ఏడండీ?"

"రాల్ఫ్ ఎవడు?"

"పీపాలు చేసే రాల్ఫ్ అండి. 'పెద్ద ఫాదరు చేతులు వెండి గిన్నెలు మోసుకుపోయాయి. పీపాలు చేసే రాల్ఫ్ చేతులు చచ్చేవాళ్ళకు నీళ్ళు మోశాయి. మీరు చచ్చేటప్పుడు ఏ చేతులు కావాలో మీరే చెప్పండి' అని ఉంటుంది. రాల్ఫ్‌ను తీసేశారేం?"

"శాస్త్రంలో రాల్ఫ్‌లు ఉండరమ్మా," అన్నాడు హామో.

"విశేషమును వర్జించి సామాన్యమును గ్రహించుట శాస్త్రమర్యాద," అని డాక్టరు గారు లాటిన్‌లో ఆమోదించారు. ఆ మర్యాద ప్రకారం ఒక్కో అంశాన్నీ తీసుకుని ఉతికి ఆరేశారు. రెండోది, మూడోది, నాలుగోది. గొంతు ఖంగుమంటోంది. ఒక చెయ్యి గాలిలో లేస్తోంది, బొచ్చు అంచు ఊగుతోంది. ఫుల్క్ గారు రెండుసార్లు ఆవులించి, ఒకసారి కిటికీలోంచి ఎండ ఎంతవరకు వచ్చిందో చూసుకున్నారు.

పెర్నెల్ ఆ గొంతులో పాత గొంతు కోసం వెతుకుతోంది. ఎక్కడో ఒకచోట ఆగుతాడు, ఎక్కడో ఒకచోట తడబడతాడు, అప్పుడు తెలుస్తుంది. ఆయన ఎక్కడా ఆగలేదు. అప్పటిగ్గాని ఆమెకు సంగతి బుర్రకెక్కలేదు. ఈయన నటించడం లేదు. పుస్తకం బల్ల మీద ఉంది, మూడు వారాలుగా ఈయన దగ్గరే ఉంది, దాన్ని తెరవనే లేదు. నూట నలభై గొర్రెల మీద రాసిన మనిషికి నలభై పుటలు చదివే ఓపిక లేకపోయింది. పెర్నెల్‌కు ఒళ్ళు మండుకొచ్చింది.

"ఐదవది," అన్నాడు హామో. "స్త్రీ అశ్రువులు అంత్యాభ్యంగన సంస్కారముతో తుల్యములు." పెర్నెల్ వైపు తిరిగి, "ఆడదాని ఏడుపు చాలట, చచ్చేవాళ్ళకు ఫాదరొచ్చి చివరి నూనె పూయక్కర్లేదట. అలా నమ్ముతున్నావా?" అన్నాడు.

అది ముప్పై ఒకటో పుట. పెర్నెల్ బల్ల మీదున్న పుస్తకం వైపు చూసింది.

డాక్టరు గారికి మాటలకు కొదవ లేదు. ఆ అంశం ఆయనకు బాగా నచ్చినట్టుంది. ముందుకు వంగి, పద్నాలుగు మంది పూర్వాచార్యుల్ని పేరుపేరునా పిలిచి, ఒక్కొక్కరి చేతా ఒక్కో దెబ్బ కొట్టించారు. కన్నీరు ఉప్పు కాబట్టి నూనెతో ఎందుకు సమానం కాదో వివరించారు. ఆడది ఏడవడం స్వభావం కాబట్టి అందులో దేవుడి కృపకు ఎందుకు చోటు లేదో నిరూపించారు. తన పాండిత్యం తనకే ముచ్చటేసి కళ్ళు చెమ్మగిల్లాయి. చివరికి ఈ ఆడమనిషికి కూడా తెలియాలని ఇంగ్లీషులోకి దిగారు.

"ఇలాంటి కూతలు కూసినవాడు ఎవడో గాని శుద్ధ మూర్ఖుడు. అక్షరమ్ముక్క రాని వీధి ఫాదరు. జనం ఏడుస్తుంటే చూసి ఓర్చుకోలేక నోటికొచ్చింది వాగాడు. వాడి వల్ల ఎన్ని ఆత్మలు పాడయ్యాయో! వాడి పేరు చెప్పించాలి ఫుల్క్ గారూ. ఈవిడను వదిలినా వాణ్ణి వదలకూడదు."

"నిదానించండి డాక్టరు గారూ, ఏడు అంశాలూ అయ్యాక ఎలాగూ అడగాలి. అది రివాజేగా," అన్నారు ఫుల్క్.

"ఇప్పుడే అడగండి!" అని డాక్టరు గారు బల్ల మీద గుద్దారు.

పెర్నెల్‌కు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఎదురుగా కూర్చుని తన ముఖాన తనే ఉమ్మేసుకుంటున్న మనిషిని చూస్తే రాదూ మరి. కాని బల్ల మీద పుస్తకం, పుస్తకంలో ఆ పుట, ఆ పుటలో సిబ్బీ. నవ్వు అక్కడికక్కడే చచ్చిపోయింది.

"అయ్యా, పేరడిగారు," అంది ఫుల్క్ గారితో. "చెప్పే ముందు ఒక్క మనవి. డాక్టరు గారు ఆ పుట ఒక్కటీ పైకి చదవాలి. హామో గారి లాటిన్ కాదండి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ముప్పై ఒకటో పుట."

"అవసరం లేదు," అన్నారు డాక్టరు గారు. "అంశం నా ఎదురుగానే ఉంది."

"చదివేద్దురూ," అన్నారు ఫుల్క్ గారు విసుగ్గా. "చదవలేదని రేపు ఎవరైనా బిషప్పు గారి చెవిన వేస్తే నాకు తలనొప్పి. పైగా అక్కడ చేప చల్లారిపోతోంది."

డాక్టరు గారు పుస్తకాన్ని రెండు వేళ్ళతో దగ్గరికి లాక్కున్నారు. తోలు వాసనకు ముఖం చిట్లించి, పుట తీసి, పాచిపోయిన జావ రుచి చూసినట్టు మొదలుపెట్టారు.

"ఈ పిల్ల పేరు సిబ్బీ. ఆరేళ్ళు. మొన్నటిదాకా వాకిట్లో చెర్రీ గింజలతో ఆడుకుంది. ఓడిపోతే ఒప్పుకునేది కాదు."

హామో కిసుక్కుమన్నాడు. డాక్టరు గారు కూడా నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

"నేను వెళ్ళేసరికి నా దగ్గర నూనె అయిపోయింది. నిన్న పదకొండు మందికి పూశాను." ఇక్కడ ఆయన గొంతు ఎందుకో కాస్త దిగింది. ఆ వాక్యం తర్వాత ఊపిరి తీసుకున్నారు, సరిగ్గా ఆ వేసవి సాయంత్రం తీసుకున్న చోటే. "దాని తల్లి దాని నుదుటికి ముఖం ఆనించి ఏడ్చింది. ఆ తడి చాలు. చాలదని దేవుడంటే నేనే వెళ్ళి ఆయనతో గొడవ పడతాను. పెద్ద చదువులు చదివినవాడెవడైనా వచ్చి చాలదంటే, వాణ్ణి నమ్మకండి."

ఆగిపోయారు. కళ్ళు మాత్రం కింది వాక్యం మీద పరుగెత్తి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ పరుగెత్తాయి. మెడ మీద ఎరుపు బొచ్చు అంచు దాటి చెవుల దాకా పాకింది.

"ఇంకో వాక్యం ఉందండి," అంది పెర్నెల్.

"చాలు," అన్నారు డాక్టరు గారు.

ఏరడంలో హామో దాటేసిన ఆ వాక్యాన్ని ఆయన పైకి చదవలేదు కాబట్టి, ఆ గదిలో ఆయనకూ, దాన్ని రాసిన పెర్నెల్‌కూ తప్ప తెలియదు. "నేనే ఒక రోజు అంత చదువు చదివి వచ్చి చాలదని చెప్పినా, నన్నూ నమ్మకండి" అని ఉంది.

ఆయన తలెత్తి పెర్నెల్‌ను చూశారు. ఈసారి గోడను చూసినట్టు చూడలేదు. అటక, బటానీ జావ, గిల్బర్ట్, ఆ గుంట ఒడ్డు, అన్నీ ఆ చూపులోకి ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి. గుర్తుపట్టాడు. అమ్మయ్య, గుర్తుపట్టాడు అనుకుంది పెర్నెల్.

ఫుల్క్ గారు ముక్కు తుడుచుకుని, ఆ రోజుకు మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఇదేంటి, ఇందులో శాస్త్రం ఎక్కడుంది? పిల్ల చచ్చిపోయింది, తల్లి ఏడ్చింది, నూనె లేదు. నాకు అంతే వినబడింది." పెర్నెల్ వైపు చూశారు. "నీ పిల్లేనా?"

"అవునండి."

"చూడమ్మా. పుస్తకం శనివారం సంతలో కాలుతుంది. అది చట్టం, నా చేతిలో లేదు. ఈ ఒక్క పుట కోసి నీకివ్వడం మాత్రం నా చేతిలో ఉంది. ఇందులో దోషం లేదని దైవశాస్త్రం తెలిసిన పెద్దాయన ఒక్క మాట అంటే చాలు." డాక్టరు గారి వైపు తిరిగారు. "ఏమంటారు?"

పెర్నెల్‌కు పుస్తకం మొత్తం మీద ఆశ అప్పటికే పోయింది. ముప్పై తొమ్మిది పుటలు పోతే పోనీ, తల్లో ఉన్నాయి. ఆ ఒక్కటి ఇస్తే చాలు. ఆయన చేయాల్సిన పని ఎంతో లేదు. తన పేరు చెప్పుకోనక్కర్లేదు. నేను చెప్పిన మాటలని అననక్కర్లేదు. ఐదో అంశం దగ్గర హామో పొరబడ్డాడని అంటే సరిపోతుంది. క్లర్కు మీదికి తోసేయడం ఆయనకు కొత్తా?

డాక్టరు గారి చెయ్యి ఆ పుట మీదే ఉంది. కింద హామో రాసుకున్న పత్రంలో ఐదో అంశం, దాని కింద పద్నాలుగు మంది ఆచార్యుల పేర్లు వరసగా ఉన్నాయి. ఇప్పుడు దోషం లేదంటే ఆ పద్నాలుగు మందినీ ఊరికే పిలిచినట్టు. చదవకుండా ఖండించినట్టు. అది బిషప్పు గారికి తెలిసినట్టు. ఇవన్నీ ఆయన ముఖం మీద ఒకదాని వెనక ఒకటి నడిచిపోవడం పెర్నెల్ చూసింది. చెయ్యి పుట మీద నుంచి లేచింది. బొచ్చు అంచు సర్దుకుంది.

"పంచమాంశము దోషభూయిష్ఠమే," అన్నారు డాక్టరు గారు, మళ్ళీ లాటిన్‌లోకి ఎక్కి. "పత్రమును వేరుచేయుటకు శాస్త్రము సమ్మతింపదు."

హామో దాన్ని ఇంగ్లీషులోకి దించబోయాడు. "అక్కర్లేదు," అంది పెర్నెల్. "అర్థమైంది."

ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళుగా ఇతగాడి పరువు కోసం నోరు కట్టుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది. ఉడుత బొచ్చు కోసం, ఓ కుర్చీ కోసం, ఆరేళ్ళ పిల్ల పేరు మంటలో వేయడానికి సిద్ధపడినవాడికి ఇన్నాళ్ళూ మంచి తోళ్ళు ఏరి ఏరి పంపింది. ఛీ అనుకుంది.

ఫుల్క్ గారు భుజాలెగరేసి, మిగతా రెండు అంశాలూ గబగబా కానిచ్చేశారు. "ఈ ఏడూ తప్పులేనని ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండి. మీరు రాసుకున్న ఏడూ తప్పులే. అందులో ఒక్కటీ నా పుస్తకంలో లేదు."

ఫుల్క్ గారి మూతి ఒక పక్కకు వంగింది. "ఒప్పుకుంది, రాసుకో హామో. తర్వాతి మాట అక్కర్లేదు. మూడు ఆదివారాలు కట్టెలమోపు. పుస్తకం తన చేత్తోనే మంటలో వేయాలి. ఇక ఆఖరిది. ఈ మాటలు నీకు నేర్పినవాడి పేరు?"

"అది ఇప్పుడు అనవసరం," అన్నారు డాక్టరు గారు తొందరగా, చక్కటి ఇంగ్లీషులో. "రచయిత ఎవరో తెలియదని రాస్తే సరిపోతుంది. పొద్దుపోయింది. మఠాధిపతి గారు మనకోసం ఎదురుచూస్తుంటారు."

"ఇందాక వాడి పేరు కావాలని బల్ల గుద్దింది మీరేగా?" ఫుల్క్ గారు ఆశ్చర్యపోయారు. "చెప్పమ్మా. పేరు చెప్పకపోతే మొండికేశావని రాయాలి. మొండికేసినవాళ్ళకు కట్టెలు భుజం మీద పెట్టరు, చుట్టూ పేరుస్తారు. ఎవడు వాడు?"

డాక్టరు గారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. మెడ ఎరుపు పోయి ముఖం తను రాసుకునే తోలు పత్రంలా పాలిపోయింది. పెర్నెల్ వైపు చూస్తున్నారు. ఆ చూపులో బతిమాలడం ఉంది.

పేరు పెర్నెల్ నాలుక మీదే ఉంది. ఒక్క మాట అంటే పీఠం పోతుంది, బొచ్చు పోతుంది, భుజాన కట్టెలమోపుతో ఆయన కూడా తన పక్కనే నడుస్తాడు. అనాలని ఆమెకు గట్టిగా అనిపించింది. కాని అన్నదంటే ఆ మాటలు ఈ మనిషివైపోతాయి. పదకొండు మందికి నూనె పూసి, పన్నెండో పిల్ల దగ్గర దేవుడితో గొడవకు దిగిన వాడు ఈ బొచ్చు మనిషి అయిపోతాడు. అది మాత్రం ఆమె ఒప్పుకోలేకపోయింది. ఇతనికి ఆ గౌరవం తన నోటితో ఇవ్వదు.

"ఆయన చచ్చిపోయాడండి," అంది.

డాక్టరు గారు ఊపిరి వదలడం గదిలో అందరికీ వినబడింది.

"చచ్చిపోయాడా?" అన్నారు ఫుల్క్ గారు. "ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. మీ అందరి కళ్ళ ముందే."

హామో కలం ఆగింది. ఏం రాయమంటారని తలెత్తి చూశాడు. ఫుల్క్ గారు చేప మాట మర్చిపోయి, ఆమె వైపు చూసి, నెమ్మదిగా తల తిప్పి డాక్టరు గారి వైపు చూశారు.

"చనిపోయాడని రాయి," అన్నారు చివరికి. "డాక్టరు గారికి అభ్యంతరం ఉంటే చెబుతారు."

డాక్టర్ థర్‌స్టన్ గారికి అభ్యంతరం లేకపోయింది.